వీధంతా వెలుగు, నాన్న ఇంటికి తప్ప

గాలివాన వెలిసిన మర్నాడు పొద్దున్నే పొట్టి కొండవీధి మెట్లెక్కుతూ ఉంటే, మబ్బు చీకట్లో ప్రతి ఇంటి కిటికీలోనూ దీపం కనబడుతోంది. ఒక్క ఇల్లు మాత్రం చీకటిగా ఉంది. ఆ ఒక్కటీ ఆమె పుట్టిల్లు.

పొట్టి అన్నది చిన్నప్పుడు నాన్న పెట్టిన పేరు. నలభై దాటి, ముందు జుట్టు నెరిసి, వీధి మొత్తం కరెంటు బాధ్యత నెత్తిన పడ్డా ఆ పేరు ఆమెను వదల్లేదు. ఎవరింట్లో ఫ్యాను ఆగినా "పొట్టక్కని పిలవండి" అంటారు. ఆమె కూడా మొదట్లో విసుక్కుని, తర్వాత పలకడం మొదలుపెట్టింది.

ఊరి లైనుకు ఆఖరి కొస ఆ వీధి. గాలి కాస్త గట్టిగా వీస్తే ముందు పోయేది వాళ్ళ కరెంటే, అందరికీ వచ్చాక ఆఖర్న వచ్చేదీ వాళ్ళదే. చివరికి విసిగి వేసారి అందరూ కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. బడి కప్పు మీద, బేకరీ కప్పు మీద, చిన్నాసుపత్రి కప్పు మీద సోలార్ పలకలు పరిచారు. ఎప్పుడో మూతపడ్డ లాండ్రీ కొట్టు తీసుకుని, దాని వెనక గదిలో బీరువాలంత బ్యాటరీలు వరసగా నిలబెట్టారు. ఊరి లైను ఉన్నంతసేపూ వీధి దానితో కలిసే నడుస్తుంది. లైను పోయిందంటే చాలు, వీధి తనంతట తనే ఊరి నుంచి విడిపోయి సొంత కరెంటు మీద నిలబడుతుంది. మోటార్ల కంపెనీలో పని మానేసి వచ్చి ఇదంతా కట్టించిందీ, ఇప్పుడు నడిపిస్తున్నదీ పొట్టే.

నాన్న సంఘంలో చేరలేదు. ఆయన లైన్‌మన్‌గా మొదలుపెట్టి లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషి. సంఘం మాట ఎత్తినప్పుడు "ఆ పని వద్దు" అన్నాడు. ఎందుకు వద్దో చెప్పలేదు. పొట్టి కాగితం మీద బొమ్మలు గీసి, ఏది ఎక్కడ ఆగుతుందో, ఏది ఎలా మారుతుందో అంతా వివరించింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ విని "అయిందా?" అని లేచి వెళ్ళిపోయాడు. తను నమ్ముకున్న పెద్ద లైనుకు కన్నకూతురే పోటీ తయారుచేసిందని ముసలాయన ఉడుక్కుంటున్నాడని వీధి అనుకుంది. పొట్టి కూడా అదే అనుకుంది. అప్పటినుంచీ ఆ తండ్రీకూతుళ్ళ మధ్య కరెంటు మాట వస్తే ఎవరో ఒకరు లేచి వెళ్ళిపోవడమే.

ఆమె వెళ్ళేసరికి నాన్న గుమ్మంలో కుర్చీ వేసుకుని ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"ఆ... ఆ... సరే, మీ వీలు చూసుకుని..." ఫోను పెట్టేసి కూతురి వైపు తిరిగాడు. "మధ్యాహ్నానికి వచ్చేస్తుంది."

"నిన్న సాయంత్రం కూడా ఇదే చెప్పావు నాన్నా."

"నిన్న గాలి తగ్గలేదుగా."

"ఇవాళ చెట్లు రోడ్డుకు అడ్డంగా పడున్నాయి. వాళ్ళ లారీ ఎక్కడికొస్తుంది?"

"మా రోజుల్లో లారీ కోసం చూసేవాళ్ళమా? నిచ్చెన భుజాన వేసుకుని నడిచేవాళ్ళం."

ఆమె పళ్ళు కొరుక్కుని లోపలికి వెళ్ళింది. అమ్మ మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుంది. అమ్మ ఊపిరితిత్తులు పాడై చాలాకాలమైంది. మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ ఉంది. మామూలు రోజుల్లో గురగురలాడుతూ ఉండే ఆ మిషన్ ఇప్పుడు నోరు మూసుకుని కూర్చుంది. దానికి బదులు గోడవారన ఉన్న సిలిండర్ నుంచి గొట్టం లాగి అమ్మ మొహానికి మాస్కు పెట్టారు. పొట్టి వంగి సిలిండర్ మీటరులో ముల్లు చూసింది. సగానికి దిగిపోయింది.

"ఎలా ఉందమ్మా?"

అమ్మ మాస్కు కాస్త పైకెత్తింది. "నాకేం, బానే ఉన్నా. ఫోన్లు చేసి చేసి మీ నాన్నకే నోరెండిపోతోంది. కాసిని మంచినీళ్ళియ్యి."

వంటింట్లో తమ్ముడు చీకట్లో కొవ్వొత్తి పెట్టుకుని టీ కాస్తున్నాడు. చెప్పుల కొట్టు నడుపుకునే తమ్ముడు ఈ ఇంట్లోనే ఉంటాడు, కానీ గొడవల్లో మాత్రం ఎప్పుడూ ఉండడు. అక్క కళ్ళెర్రజేసి చూడగానే చేతులు రెండూ పైకెత్తేశాడు. "నన్ను మధ్యలోకి లాగకక్కా. ఆయనతో నువ్వే సరి, నా వల్ల కాదు."

పొట్టి మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది. కోపం దిగమింగుకుని, గొంతు వీలైనంత మెత్తగా చేసుకుని అడిగింది.

"నాన్నా, పక్కింటి గోడ మీంచి ఒక్క తీగ లాగుతా. అరగంట పని. ఆ మిషన్ ఒక్కటే పెడదాం. లైటు వద్దు, ఫ్యాను వద్దు. నువ్వు సంఘంలో చేరక్కర్లేదు. ఎవరికీ చెప్పను కూడా."

"నీ తీగ నా గుమ్మం దాటదు."

"సిలిండర్ సగానికొచ్చింది. కొత్తది తెచ్చేవాళ్ళకి దారి లేదు. చూస్తున్నావా?"

"చూస్తున్నా. లైను వస్తుంది."

"రాకపోతే?"

"వస్తుందన్నానా!"

ఆ గుమ్మానికి తల బాదుకోవాలనిపించింది ఆమెకు. బాదుకోలేదు, ఎందుకంటే లాండ్రీ కొట్టు నుంచి ఫోను మీద ఫోను వస్తోంది.

మబ్బు వీడలేదు. పలకల నుంచి వచ్చేది అంతంతమాత్రం, వీధి వాడేది మాత్రం పండగ రోజులా ఉంది. ఆసుపత్రిలో మందుల ఫ్రిజ్జుకు, నీళ్ళ పంపుకు, ఇంటికో రెండు దీపాలకు బ్యాటరీలు ఎన్నాళ్ళైనా సరిపోతాయి. కానీ ప్రతివాళ్ళకీ తమది చిన్న అవసరమే.

"పిండి కలిపే మిషనే కదక్కా, ఎంత లాగుతుంది?" అన్నాడు బేకరీ అబ్బాయి.

"నీ ఇల్లంతా లాగే దానికి పదింతలు లాగుతుంది. చేత్తో కలుపుకో."

"నా చేతులు చూశావా?"

"చూశా. బానే ఉన్నాయి."

అతన్ని పంపేసరికి కుట్టుపని చేసే ఆవిడ ఇస్త్రీ పెట్టె పెట్టింది. అది తీయించేసరికి ఇంకెవరో నీళ్ళ హీటరు వేశారు. ఎవరిదో కనిపెట్టడానికి పొట్టి ఇల్లిల్లూ తిరిగింది. ఎవర్ని అడిగినా "మా ఇంట్లో కాదు" అనే మాటే. తలంటుకుని తడి జుట్టుతో గుమ్మంలో నిలబడి మరీ చెప్పారు ఒకరు. పైగా అందరిదీ ఒకటే ఎత్తిపొడుపు: "మాకు చెప్పేముందు మీ నాన్నకు చెప్పుకో తల్లీ. ఇంత మంది వాడుకుంటున్నాం, ఆయనకే పడలేదు." అది విన్నకొద్దీ ఆమెకు ఒళ్ళు మండింది.

ఆ రోజు లైను రాలేదు. మర్నాడు పొద్దున కూడా రాలేదు. సిలిండర్ ముల్లు ఎర్ర గీత దగ్గరికి దిగింది. నాన్న ఫోను చార్జింగు కూడా అయిపోయింది. అయినా ఆయన గుమ్మంలోంచి కదలకుండా, ఆ ఫోనును చేతిలో అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

ఈసారి పొట్టి అరవడానికే వచ్చింది. నోరు తెరిచే లోపే అమ్మ మంచం మీంచి కాళ్ళు కిందికి పెట్టింది.

"నా చెప్పులేవి?"

"ఎక్కడికే?" అన్నాడు నాన్న.

"పిల్ల కొట్టుకి. ఆ తీగ మీ గుమ్మం దాటకూడదన్నారుగా. మరి నేనే దాటతా. నా గురించి ఏమీ అనలేదుగా మీరు."

తమ్ముడు జన్మలో మొదటిసారి ఎవరూ చెప్పకుండానే ఒక పని చేశాడు. వంటింటి కుర్చీ తెచ్చి అమ్మను అందులో కూర్చోబెట్టి, "అక్కా, అటు పట్టు" అన్నాడు. కేక విని వచ్చిన బేకరీ అబ్బాయి మిషన్ నెత్తిన పెట్టుకున్నాడు, పక్కింటివాళ్ళు సిలిండర్ పట్టుకున్నారు. ఆ కుర్చీ పల్లకీ మెట్లు దిగుతూ ఉంటే కిటికీల్లోంచి పలకరింపులు మొదలయ్యాయి. అమ్మ మాస్కులోంచే అందరికీ చెయ్యి ఊపింది. పొట్టికి నవ్వొచ్చింది గానీ, వెనక్కి తిరిగి చూస్తే నాన్న గుమ్మంలో ఒక్కడే నిలబడి ఉన్నాడు.

లాండ్రీ కొట్టు ముందుగదిలో ఒక కిటికీ, ఒక పాత బల్ల, గోడకు మెయిన్ స్విచ్చుల పెట్టె ఉన్నాయి. అక్కడే అమ్మకు పడక వేశారు. మిషన్ గురగురలాడడం మొదలుపెట్టగానే అమ్మ కళ్ళు మూసుకుని, చాలాసేపటికి ఒక నిండు ఊపిరి తీసుకుంది. గంట గడిచేసరికి ఆ గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. అమ్మను చూడాలనే వంకతో వచ్చినవాళ్ళు కూర్చుని కబుర్లలో పడ్డారు. నీళ్ళ హీటరు ఎవరు వేశారో పొట్టి ఒక పూటంతా తిరిగి కనిపెట్టలేనిది, అమ్మ కూర్చున్న చోటు నుంచి కదలకుండానే కూపీ లాగేసింది.

మధ్యాహ్నం నాన్న వచ్చాడు. చేతిలో అన్నం క్యారేజీ ఉంది. లోపలికి రాలేదు. చూరు కింద నిలబడి "తిన్నదా?" అని అడిగాడు.

"లోపలికొచ్చి నువ్వే అడగొచ్చుగా," అంది పొట్టి.

ఆయన గుమ్మం వైపు అడుగు వేయలేదు. గోడ మీది స్విచ్చుల పెట్టెను చూస్తూ నిలబడ్డాడు. "లైను వాళ్ళు ఎక్కడిదాకా వచ్చారట?"

"కింద చెట్లు తొలగిస్తున్నారు. వచ్చినప్పుడొస్తారు. ఇప్పుడు మనకేం తొందర?"

అంతలో బేకరీ అబ్బాయి మెట్లెక్కుతూ కేకేశాడు. "బాబాయ్! నువ్వు గెలిచావు! లైను వాళ్ళొచ్చేశారు. మలుపు దగ్గర స్తంభం ఎక్కేశాడొకడు!"

క్యారేజీ ఆయన చేతిలోంచి జారి మెట్ల మీద దొర్లింది. ఆ వయసు మనిషి అంత వేగంగా కదలగలడని ఎవరూ అనుకోలేదు. ఒక్క ఉదుటున లోపలికి వచ్చి, అడ్డం ఉన్నవాళ్ళను తోసుకుంటూ స్విచ్చుల పెట్టె దగ్గరికెళ్ళి, మెయిన్ పిడి పట్టుకుని కిందికి లాగేశాడు.

గదిలో దీపం ఆరిపోయింది. వీధి పొడుగునా "అయ్యో" అనే కేకలు వినబడ్డాయి. అమ్మ మిషన్ ఆగిపోయి కీచుమని అరవసాగింది.

"నాన్నా! మతుండే చేస్తున్నావా? అమ్మ!"

"పైన మనిషున్నాడే!" అరిచాడు నాన్న. "స్తంభం మీద మనిషున్నాడు! వాడు లైను ముట్టుకుంటాడు!"

మిషన్ కీచుమంటూనే ఉంది. ఆయన తల తిప్పి భార్యను చూశాడు. చెయ్యి మాత్రం పిడి మీంచి తీయలేదు. పిడి పైకి లేపితే స్తంభం మీదివాడు పోతాడు, లేపకపోతే ఈమెకు ఊపిరాడదు. ఆ నలుగులాట అంతా ఆయన మొహంలో కనబడుతోంది. తమ్ముడు అప్పటికే సిలిండర్ తిప్పి మాస్కు అమ్మకు పెట్టాడు. అమ్మ దాన్ని సర్దుకుని, కూతురు వైపు చెయ్యి ఊపింది.

"నాకింకాసేపు ఫర్వాలేదు. ముందు ఆయన చెప్పేది వినవే."

నాన్న గోడకు ఆనుకున్నాడు. ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయనకొక జోడీ ఉండేవాడు. ఇద్దరూ కలిసే స్తంభాలెక్కేవాళ్ళు. ఇలాంటి గాలివానే. సబ్‌స్టేషన్‌లో లైను ఆపారు, ఎక్కి పనిచేసుకోవచ్చని కాగితం ఇచ్చారు, అన్నీ సవ్యంగానే ఉన్నాయి. జోడీ పైకెక్కాడు. కింద తాడు పట్టుకుని నిలబడింది నాన్న. అదే సమయానికి ఆ లైను చివర ఒక కొట్టువాడు జనరేటరు వేసుకున్నాడు. ఊరి లైనును విడదీయకుండా వేశాడు. ఆ కరెంటు కొట్టులోంచి వెనక్కి నడిచి స్తంభం మీదికొచ్చింది.

"జారిపడ్డాడని చెప్పారు కదండీ నాకు," అంది అమ్మ మాస్కు తీసి.

"అప్పటికి నువ్వు వట్టి మనిషివి కాదు. ఏం చెప్పను? తర్వాత చెప్పాలనిపించలేదు."

పొట్టికి జాలి, కోపం రెండూ ఒకేసారి పొంగుకొచ్చాయి, వాటిలో కోపమే ముందు బయటపడింది. తండ్రి మణికట్టు పట్టుకుంది.

"రా. నాతో రా."

"మనిషి పైన..."

"అంతా ఆపేసే ఉన్నావుగా! రా!"

కొట్టు బయటకు లాక్కెళ్ళి, పక్కసందులోంచి వెనక గోడ దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ ఊరి లైను వీధిలోకి దిగే చోట, మనిషి ఎత్తులో ఒక ఇనప పెట్టె ఉంది. దాని తలుపుకు గాజు పలక ఉంది. లోపల అరచేతి వెడల్పు రాగి కత్తులు మూడు, తమ పట్టుల్లోంచి విడిపోయి గాల్లో నిలబడి ఉన్నాయి. అటు ఊరు, ఇటు వీధి, మధ్యలో ఖాళీ. పిడికి పిడికెడంత తాళం వేలాడుతోంది.

"లైను పోగానే లోపల మిషన్ తనే విడదీస్తుంది. అది నమ్మనివాళ్ళ కోసం ఇది. కళ్ళతో చూసుకోవడానికి. నిన్న పొద్దున నేనే చేత్తో తీసి తాళం వేశా. దీని తాళంచెవి ఎక్కడుందో తెలుసా? ఇవాళ లైను వాళ్ళు రోడ్డెక్కగానే వాళ్ళ మేస్త్రీ చేతికిచ్చొచ్చా. అతను వచ్చి తీస్తే తప్ప, నేను తలకిందులుగా తపస్సు చేసినా ఇది మూసుకోదు."

నాన్న గాజుకు మొహం ఆనించి చూశాడు. తర్వాత తాళం పట్టుకుని లాగాడు. మళ్ళీ లాగాడు. అప్పటికీ తృప్తి కలగలేదు. సందులోంచి బయటపడి, మెట్లు దిగి, మలుపు దగ్గరికి నడిచాడు. పొట్టి తల పట్టుకుని వెంట నడిచింది.

స్తంభం కింద నిలబడ్డ మేస్త్రీ ఆయన్ను చూడగానే గుర్తుపట్టాడు. "గురువుగారూ, మీరేంటి ఇంత దూరం?"

"తాళంచెవి నీ దగ్గరుందా?"

మేస్త్రీ చొక్కా జేబులోంచి తాళంచెవి తీసి చూపించాడు. "మీ అమ్మాయి ఇచ్చిందండి. మిగతా వీధుల వాళ్ళు ఇలా ఇస్తే మాకు సగం భయం తగ్గేది."

నాన్న పైకి చూశాడు. స్తంభం మీద పాతికేళ్ళ కుర్రాడొకడు హాయిగా ఏదో కూనిరాగం తీస్తూ తీగ బిగిస్తున్నాడు. ఆయన పక్కనున్న పిట్టగోడ మీద కూలబడ్డాడు. పొట్టి కొట్టుకు ఫోన్ చేసి మెయిన్ పైకి లేపమంది. అవతల అమ్మ మిషన్ గురగుర వినబడ్డాక గానీ ఫోను పెట్టలేదు. అప్పుడు తండ్రి మీదికి తిరిగింది.

"ఈ ముక్క మొదటి రోజే చెప్పుంటే సరిపోయేది కదా!"

"నువ్వడగలేదు."

"అడగలేదా? ఎందుకు వద్దని నేను నిన్ను ఎన్నిసార్లు..."

"నువ్వు అడగలేదు. వివరించావు. బొమ్మలు గీశావు. మిషన్ దానంతట అదే ఆపుతుందన్నావు. ఆ కొట్టువాడూ అదే అన్నాడు, అదే ఆగుతుందనుకున్నానని."

"ఒక్కసారి వచ్చి చూసుంటే ఆ పెట్టె కనబడేది. నువ్వు అడగకుండానే పెట్టా అది! రెండు రోజులు అమ్మ ఆ గదిలో ఉక్కిరిబిక్కిరై..." ఏడుపొస్తోందని ఆమెకే ఒళ్ళు మండింది. నాన్న తల దించుకుని అరచేతులు చూసుకుంటున్నాడు.

"కనబడేది," అన్నాడు. "రావడానికే భయమేసింది. వచ్చి చూస్తే, అందులో అలాంటిదేం లేకపోతే, నిన్ను ఆపాల్సొచ్చేది. నువ్వు ఆగవు. అప్పుడేం చెయ్యను?"

పొట్టి వెళ్ళి పక్కన కూర్చుంది. పైనున్న కుర్రాడు దిగేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.

సాయంత్రానికి లైను వచ్చింది. "చెప్పానా వస్తుందని?" అన్నాడు నాన్న ఇంటి దీపం వెలగగానే. ఆ మాటకు తమ్ముడు నెత్తి కొట్టుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. అమ్మ మాత్రం ఇంటికి రాలేదు. తీగ వచ్చాకే తనూ వస్తానని కబురు పంపింది. కొట్టులో కాలక్షేపం బావుందని కూడా చెప్పిందట.

మర్నాడు నాన్న సంఘంలో చేరాడు. అక్కడితో ఆగితే పొట్టి ప్రాణం హాయిగా ఉండేది. తీగ ఫలానా మందం ఉండాలన్నాడు. గోడ మీంచి కాదు, స్తంభం నుంచి తెమ్మన్నాడు. తన ఇంటికి ప్రత్యేకంగా ఇంకో స్విచ్చు, దానికీ గాజు తలుపు, దానికీ తాళం కావాలన్నాడు. అది అక్కర్లేదని ఆమె చెప్పింది. ఆయన కిటికీలోంచి బయటికి చూడడం మొదలుపెట్టాడు. ఆమె గబగబా సరే అనేసింది.

ఇప్పుడామె నిచ్చెన మీద ఉంది. కింద నాన్న రెండు చేతులతో నిచ్చెన పట్టుకుని ఉన్నాడు. ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే నిచ్చెన కదులుతోంది.

"నాన్నా, ఊపకు."

"ఊపట్లేదు, పట్టుకున్నా."

"పట్టుకుంటే కదులుతోంది. వదిలెయ్."

"వదలను. ఆ క్లిప్పు వంకరగా ఉంది."

"వంకరేం లేదు."

"కింద నుంచి నాకు కనబడుతోందిగా. దానికీ దీనికీ మధ్య ఎడం ఎక్కువైంది. గాలొస్తే తీగ కొట్టుకుంటుంది. ఇంకోటి కొట్టు."

మెట్ల మీంచి బేకరీ అబ్బాయి అరిచాడు. "పొట్టక్కా, మీ అమ్మ అడుగుతోంది, ఇవాళవుతుందా లేదా అని! ఇంకా లేటైతే మధ్యాహ్నం పేకాట ఉందట!"

"అయిపోయిందని చెప్పు!" అంది పొట్టి.

"అవలేదని చెప్పు!" అన్నాడు నాన్న.

ఆమె తల వంచి కిందికి చూసింది. ఆయన మొహం పైకెత్తి, కళ్ళు చికిలించి, ఆ తీగను మొదటి నుంచి చివరిదాకా ఒక్కో జానా వెతుకుతున్నాడు. ఆమె నోట్లో మేకు పెట్టుకుని, అసలు అవసరమే లేని చోట ఇంకో క్లిప్పు కొట్టింది.